అర్జీ ఎవరి పేరున?

2024 జూన్ 24, సోమవారం

వీధి కాలువ పూడిపోయిందని అర్జీ. విషయం రెండు ముక్కలే. పైన ఎవరి పేరు పెట్టాలన్న దగ్గరే పొద్దు గడిచిపోయింది. వచ్చినాయన ముఖ్యమంత్రి గారి పేరున రాయమంటాడు. మురుగు కాలువ పంచాయతీ పని, సర్పంచ్‌కి రాస్తే చాలన్నాను.

"ఆల పేరున రాస్తే ఆలే సదువుకుంతారు బాబూ. పెద్దాయన పేరున రాస్తే ఆయనకి బయపడి ఈలు సేస్తారు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ముప్పయ్యేళ్ళ కిందటి పంచాయతీరాజ్ చట్టం మురుగు కాలువలు, వీధి దీపాలు, తాగునీరు, చెత్త, శ్మశానం పంచాయతీ విధులని రాసిపెట్టింది. ఆ జాబితాలో ఎమ్మెల్యే లేడు, ముఖ్యమంత్రి అంతకన్నా లేడు. కానీ రిటైరయ్యాక ఈ అరుగు మీద కూర్చుని నేను రాసిన అర్జీల్లో సగానికి పైగా పోయేది ఎమ్మెల్యే గారికే. ఇంటి పట్టా, బదిలీ, ఆసుపత్రి ఖర్చు, అన్నదమ్ముల గట్టు తగాదా, అన్నీ ఆయనకే. చట్టాలు చేయడం, బడ్జెట్ మీద ఓటేయడం, సర్కారుని సభలో నిలదీయడం ఆయన అసలు పని. ఆ పని చేయమని అర్జీ రాయించుకోవడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

చివరికి ముఖ్యమంత్రి పేరునే రాశాను. ప్రతి మాత్రం పంచాయతీ కార్యదర్శికి పెట్టించాను.

జూలై 1, సోమవారం

పింఛన్ల రోజు. నాలుగు వేలు, దానికి ఏప్రిల్ నుంచి పెరిగినదాని బకాయి మూడు వేలు కలిపి ఏడు వేలు. తెల్లారకముందే సచివాలయం సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. ఇదివరకు పంచిన వాలంటీర్లు లేకుండా పని అవుతుందా అని వాదించుకున్నవాళ్ళు మధ్యాహ్నానికి వాదన మానేశారు.

మా వీధి మామ్మది వృద్ధాప్య పింఛను. పక్కింటి మగ్గం ఆయనది చేనేత పింఛను. నేతగాళ్ళకి యాభయ్యేళ్ళకే వస్తుంది. మామ్మని అడిగాను, ఈ డబ్బు ఎవరిచ్చారో తెలుసా అని.

"ఎవులిస్తే నాకేటి బాబూ. నువ్వు లెక్క సూడు, ఏడూ ఉన్నాయా?"

ఉన్నాయి. ఇంత ఇవ్వాలని తేల్చింది రాష్ట్ర మంత్రివర్గం. మామ్మ వయసు వాళ్ళకి కేంద్రం వాటా, అదీ పేదల జాబితాలో పేరుంటేనే, నెలకి రెండు వందలు. ఎనభై దాటితే ఐదు వందలు. చాలా ఏళ్ళుగా అంతే. మిగతాదంతా రాష్ట్రం. చేతిలో పెట్టింది సచివాలయం ఉద్యోగి. వెనకాలే నిలబడి ఫొటో దిగింది పార్టీ కార్యకర్త. ఇందులో పంచాయతీ పాత్ర ఏమీ లేదు. అయినా జాబితాలో పేరు రాకపోతే మొదట తిట్లు తినేది వార్డు మెంబరే.

జూలై 9

దేవుడి దయవల్ల భూగోళం పాఠం చెప్పే ఉద్యోగం నాకు రాలేదు. మా చుట్టుపక్కల పటం ఇది:

మా పొందూరు మండలం శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస అసెంబ్లీ, శ్రీకాకుళం లోక్‌సభ. పక్కనే జి.సిగడాం. అదీ శ్రీకాకుళం జిల్లాయే, కానీ ఎచ్చెర్ల అసెంబ్లీ, విజయనగరం లోక్‌సభ. కాస్త అవతల సంతకవిటి. రాజాం అసెంబ్లీ, విజయనగరం లోక్‌సభ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు జిల్లా కూడా విజయనగరమే అయింది. కానీ జిల్లా పరిషత్తులు పాత పదమూడే ఉంచారు కాబట్టి సంతకవిటి జడ్పీటీసీ సభ్యుడు సమావేశానికి ఈ రోజుకీ శ్రీకాకుళమే వస్తాడు. వాళ్ళ కలెక్టరు ఒక ఊళ్ళో, వాళ్ళ జిల్లా పరిషత్ అధ్యక్షురాలు ఇంకో ఊళ్ళో.

ఇవాళ సిగడాం వైపు నుంచి ఒక కుర్రాడు రైల్వే సంగతి మీద కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు గారికి అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. "ఆయన మీ ఎంపీ కాదురా, మీ ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు, పార్లమెంటుకి పసుపు సైకిలు మీద వెళ్ళాడే, ఆయన" అన్నాను. నమ్మలేదు. "మాది సికాకులం జిల్లాయే గదా" అన్నాడు. వాడి మాటా నిజమే. రెండు పేర్లూ రాసి పంపేశాను.

ఆగస్టు 7, బుధవారం

చేనేత దినోత్సవం. మా ఊళ్ళో ఈ పండక్కి చిన్న చిక్కుంది. పొందూరు పేరు మోసింది ఖాదీకి. చేతితో వడికిన నూలుతో చేతి మగ్గం మీద నేస్తే ఖాదీ. మిల్లు నూలుతో అదే మగ్గం మీద నేస్తే చేనేత. చూసేవాడికి రెండూ ఒకటే. సర్కారుకి కాదు. చేనేత అయితే రాష్ట్రంలో చేనేత జౌళి శాఖ, ఢిల్లీలో జౌళి మంత్రిత్వ శాఖ. ఖాదీ అయితే 1956 చట్టం కింద పుట్టిన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్. అది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ కిందకి వస్తుంది. కమిషన్ ఛైర్మన్‌ని ఎవరూ ఓటేసి ఎన్నుకోరు, కేంద్రం నియమిస్తుంది.

మరి వలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, నూరో నంబరు నూలు తీసే మనిషి తన కూలి పెంచమని ఎవరిని అడగాలి? సర్పంచ్‌ని అడిగితే ఎమ్మెల్యే అంటాడు. ఎమ్మెల్యే, ఖాదీ కేంద్రానిది అంటాడు. ఎంపీ కమిషన్‌కి ఉత్తరం రాస్తాడు. కమిషన్, సంఘాన్ని అడగమంటుంది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఇక్కడే ఉంది. 1955లో వినోబా భావే వచ్చి భవనానికి పునాదిరాయి వేశారు. గాంధీ గారు ఈ నూలు సంగతి విని కొడుకు దేవదాసుని పంపి మరీ చూసి రమ్మన్నారని ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అర్జీ వేసేచోటు మాత్రం పెద్దవాళ్ళకీ తెలీదు.

ఇవాళ సాయంత్రం రాజ్యాంగం పుస్తకం తీసి పదకొండో షెడ్యూలు మళ్ళీ చదివాను. 73వ సవరణతో చేరింది. పంచాయతీలకి అప్పగించదగ్గ 29 అంశాలు అందులో ఉన్నాయి. తొమ్మిదోది: ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. అంటే పొందూరు ఖాదీ పొందూరు పంచాయతీ చేతికి రావచ్చని రాజ్యాంగమే ఒప్పుకుంది. కానీ ఎంతవరకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి చెప్పాలి. ఆ ఒక్క మెలికలోనే ముప్పయ్యేళ్ళు గడిచిపోయాయి. ఎమ్మెల్యేకి నిజంగా రాయాల్సిన అర్జీ ఇది. దానికి మనిషి రాడు.

ఆగస్టు 15, గురువారం

జెండా పండగ ఖర్చు. నిన్నటిదాకా చిన్న పంచాయతీకి వంద రూపాయలు, పెద్ద పంచాయతీకి రెండు వందల యాభై. ముప్పై నాలుగేళ్ళుగా అదే లెక్క. జెండా కర్రకి సున్నం కొట్టించే డబ్బు కూడా కాదది. మిగతాది సర్పంచ్ జేబులోంచి, లేకపోతే ఊళ్ళో షావుకార్ల దయ. ఈ ఏడు పదివేలు, పాతికవేలు చేశారు. ఐదు వేల జనాభా దాటితే పాతిక.

పిల్లలకి ఈసారి చాక్లెట్టు కాదు, లడ్డూ.

ఆగస్టు 23, శుక్రవారం

రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభ. పంచాయతీరాజ్ శాఖ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చేతిలో ఉండటంతో టీవీ వాళ్ళు కూడా కార్యదర్శులకి ఫోన్లు చేశారట. నా సర్వీసంతా చూశాను, గ్రామసభంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పడమే. ఇవాళ నిజంగా కుర్చీలు వేశారు. చాల్లేదు కూడా.

గ్రామసభలో సభ్యులెవరంటే ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ. అసెంబ్లీలో మన తరఫున ఒకడు మాట్లాడతాడు. ఇక్కడ ఎవరి మాట వాళ్ళదే. నేరుగా జనమే సభ్యులైన సభ ఇది. అయినా జనానికి ఇది ఎమ్మెల్యే మీటింగులాగే అనిపిస్తుంది, వేదిక ఎక్కడుందో ముందు చూసుకుంటారు.

ఎజెండా ఉపాధి హామీ పనులు. మాట్లాడింది వేరే. ఒకావిడ లేచి చిలకపాలెం రోడ్డు గోతులు చెప్పింది. అది ఆర్ అండ్ బీదన్నారు. ఇంకొకాయన పొలాలకి పోయే దారి అడిగాడు. అది ఉపాధి హామీలో రాసుకున్నారు. మన స్టేషన్లో ఇంకో రెండు రైళ్ళు ఆగాలని తీర్మానం చేయమన్నాడు ఒక కాలేజీ కుర్రాడు. అందరూ నవ్వారు. నవ్వాల్సింది కాదు. తీర్మానం చేసి ఎంపీకి పంపొచ్చు. రైలు ఆపే అధికారం పంచాయతీకి లేకపోవచ్చు, అడిగే అధికారం ఉంది.

"వీధి దీపం సంగతి ఎవులికి సెప్పాల?" అని వెనకనుంచి ఒక గొంతు.

సర్పంచ్ లేచి, "అదొక్కటీ నాకే సెప్పండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ 3

సర్పంచ్ గౌరవ వేతనం నెలకి మూడు వేలు. ఎంపీటీసీకి మూడు వేలు. మండలాధ్యక్షుడికి, జడ్పీటీసీకి ఆరేసి వేలు. మొన్నటిదాకా వాలంటీరుకి ఐదు వేలు. ఊరంతా ఓటేసి గెలిపించిన మనిషికంటే, యాభై ఇళ్ళు చూసుకోమని నియమించిన కుర్రాడికి రెండు వేలు ఎక్కువ. ఇదేం పోలికండీ అని నన్ను కోప్పడినవాళ్ళున్నారు. పోల్చింది నేను కాదు, జీవోలు.

ఆర్థిక సంఘం డబ్బు సంగతి ఇంకా విడ్డూరం. పదిహేనో ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకి ఐదేళ్ళకి 2,36,805 కోట్లు ఇవ్వమంది. మన రాష్ట్రానికి వచ్చేదాంట్లో నూటికి డెబ్బై పంచాయతీకి, ఇరవై మండలానికి, పది జిల్లా పరిషత్‌కి. అందులోనూ అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. పంచాయతీకి ఢిల్లీ నుంచి ఊరి అవసరం కోసం దిగే డబ్బు ఇది. గత ప్రభుత్వంలో ఆ డబ్బు కరెంటు బకాయిల కింద సర్దేశారు. ఖాతాలో పడింది, పడినట్టే పోయింది. సర్పంచులు రోడ్డెక్కారు. కరెంటు వాడింది నిజమే, బిల్లు కట్టాల్సిందీ నిజమే. కానీ ఇంటాయన్ని అడగకుండా బీరువా తీసి అప్పు తీర్చేస్తే దాన్ని సాయమనరు.

సెప్టెంబర్ 4

నిన్న ఎంపీటీసీ గురించి ఒక్క ముక్కే రాశాను. నిజానికి జనమూ ఆయన్ని అంతే తలుచుకుంటారు. 2021 ఏప్రిల్ 8న ఓటేస్తే కోర్టు కేసుల వల్ల సెప్టెంబర్ 19న పెట్టెలు తెరిచారు. ఓటేసినవాళ్ళు ఎవరికేశామో మర్చిపోయేంత వ్యవధి.

సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా. ఎంపీటీసీ ఎన్నిక పార్టీ గుర్తు మీద. ఎందుకిలా అని అడిగితే ఊళ్ళో పార్టీలు రాకూడదని. వచ్చాయి, ఎప్పుడో వచ్చాయి. కాకపోతే మా సర్పంచ్ గుర్తు ఏదో చెప్పమంటే నలుగురు నాలుగు చెబుతారు.

ఎంపీటీసీకి తనదంటూ నిధి లేదు, ఆఫీసు లేదు. రెండు చోట్ల మాత్రం ఆయన వేలికి విలువ: మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునేటప్పుడు, స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఓటేసేటప్పుడు. 2023 మార్చిలో అలాంటి ఓటు ఒకటి జరిగింది. ఆ నెల్లో ఎంపీటీసీలకి దక్కిన మర్యాద పెళ్ళికొడుకులకి కూడా దక్కదు.

1987లో మండలాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఎన్టీఆర్ తెచ్చిన పద్ధతి. అప్పటి మండలాధ్యక్షులు ఎమ్మెల్యే ఎదుట కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ఎమ్మెల్యేలకి అది నచ్చలేదు. తర్వాతి చట్టంలో ఆ నేరు ఓటు పోయింది. పోవడానికి అదే కారణమని నా అనుమానం, రుజువు అడగొద్దు.

సెప్టెంబర్ 19

స్పీకర్ల జిల్లా మాది. రొక్కం లక్ష్మీనరసింహం దొర 1955లో, ఆంధ్ర రాష్ట్రం రోజుల్లో. తంగి సత్యనారాయణ 1983లో. కావలి ప్రతిభా భారతి 1999 నుంచి 2004 వరకు, ఉమ్మడి రాష్ట్రానికి తొలి మహిళా స్పీకర్, అప్పటి ఎచ్చెర్ల ఎమ్మెల్యే. ఆఖరున మా ఆమదాలవలస నుంచే తమ్మినేని సీతారాం, 2019 నుంచి మొన్నటివరకు.

బస్టాండు టీ కొట్టు దగ్గర దీని మీదే చర్చ. స్పీకర్ మనోడైతే ఊరికి లాభమా, నష్టమా? నాకు తోచింది ఇది: మామూలు ఎమ్మెల్యే సభలో లేచి మా చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తారని మంత్రిని అడగ్గలడు. స్పీకర్ లేవలేడు. అందరినీ మాట్లాడనిచ్చే కుర్చీలో కూర్చున్నవాడికి తన ఊరి గురించి ప్రశ్న వేసే వీల్లేదు. గౌరవం పెరిగింది, గొంతు తగ్గింది. టీ కొట్టు ఆయన ఒప్పుకోలేదు. "స్పీకరు ఫోన్ సేస్తే ఏ ఆఫీసరు ఎత్తడు మాస్టారూ?" అన్నాడు. మళ్ళీ అదే, ఫోను. సభలో ఏం చేశాడన్నది లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఎమ్మెల్యే కూన రవికుమార్. సహకార రంగంలో పుట్టిన ఆ ఆమదాలవలస ఫ్యాక్టరీ ప్రతి ఎన్నికలోనూ తెరుచుకుంటుంది, ఫలితాలు రాగానే మూతపడుతుంది.

సెప్టెంబర్ 28

మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, మన ఎంపీ విమానాల మంత్రి కదా, మనకేటి లాభం?"

భోగాపురం విమానాశ్రయం పని జరుగుతోంది, అది పక్క జిల్లాలో అయినా మనందరిదీ అన్నాను. వాడికి ఆనలేదు.

మా ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి తండ్రి ఎర్రన్నాయుడు గారు 1996లో మొదటిసారి ఎంపీ అయి గ్రామీణాభివృద్ధి మంత్రిగా చేశారు. కొడుకు ముప్పై ఆరేళ్ళకే కేబినెట్ మంత్రి. తండ్రి శాఖ చేలగట్ల మీదుగా నడిచింది, కొడుకు శాఖ వాటి పైనుంచి ఎగిరిపోతుంది. మంత్రిగా ఆయన దేశం మొత్తానికి జవాబుదారీ. పొందూరుకి జవాబుదారీ ఎంపీగా.

ఎంపీ నిధి ఏడాదికి ఐదు కోట్లు. వినడానికి పెద్దది. శ్రీకాకుళం లోక్‌సభలో ఏడు అసెంబ్లీలు. సమానంగా పంచితే ఒక్కోదానికి డెబ్బై లక్షల చిల్లర. దాన్ని మళ్ళీ మండలాలకి, ఊళ్ళకి పంచుకుంటూ పోతే ఒక్కో ఊరికి మిగిలేది ఒక బోరు, రెండు బల్లలు. అదీ ఆయన సిఫారసు చేస్తాడంతే, మంజూరు చేసి ఖర్చుపెట్టేది జిల్లా యంత్రాంగం. కరోనాలో 2020 ఏప్రిల్ నుంచి ఏడాదిన్నర పైన ఆ డబ్బే ఆపేశారు. ఎంపీల పనేమీ ఆగలేదు. ఎందుకంటే వాళ్ళ అసలు పని డబ్బు పంచడం కాదు. ఇది మేనల్లుడికి చెబితే, "అయితే ఎలక్షన్లో అదే ఎందుకు సెప్తారు?" అన్నాడు.

అక్టోబర్ 17

పల్లె పండుగ. 14 నుంచి 20 దాకా రాష్ట్రమంతా శంకుస్థాపనలు. ముప్పై వేల పనులు, 4,500 కోట్లు. డబ్బు ఉపాధి హామీది. 2005 నాటి కేంద్ర చట్టం. కూలి మొత్తం కేంద్రం పెడుతుంది, సామగ్రి ఖర్చులో ముప్పావు కేంద్రం, పావు రాష్ట్రం. ఏ పని కావాలో చెప్పేది గ్రామసభ. అంచనా వేసేది పంచాయతీరాజ్ ఇంజనీరు. కొబ్బరికాయ కొట్టేది ఎమ్మెల్యే.

శిలాఫలకాల మేస్త్రీతో కాసేపు మాట్లాడాను. ఈ వారం అతనికి నిద్ర లేదు. ప్రజాస్వామ్యంలో ఎవరి స్థానమేంటో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. ముఖ్యమంత్రి పేరు పైన, అక్షరం రెండంగుళాలు. తర్వాత ఉప ముఖ్యమంత్రి, జిల్లా మంత్రి, ఎంపీ. ఎమ్మెల్యే పేరు మధ్యలో, కానీ అక్షరం పెద్దది. జడ్పీ, మండలం ఒక వరసలో ఇరుకుగా. అట్టడుగున సర్పంచ్. "ఆయన పేరు పొడుగు బాబూ, ఇంటిపేరు ఒక్క అచ్చరానికి కుదించీసినాను" అన్నాడు. వార్డు మెంబర్లకి చోటు లేదు. అసలు తీర్మానం చేసింది వాళ్ళే.

రాయికి డబ్బెవరిస్తారని అడిగితే నవ్వాడు. ఇంకా పాత ప్రభుత్వం రాళ్ళ బాకీ ఉందట.

డిసెంబర్ 14, శనివారం

ఇవాళ సాగునీటి సంఘాల ఎన్నిక. చాలామందికి ఇది ఎన్నికని కూడా తెలీదు. 1997 చట్టంతో పుట్టింది. కాలువ కింద పొలం ఉన్న రైతులంతా సభ్యులు, వాళ్ళలోంచే కమిటీ, అధ్యక్షుడు. ఓటు పెట్టె లేదు, చెయ్యెత్తడమే. పోలీసులు వచ్చారు, అయినా పెద్ద గొడవేమీ లేదు. పేర్లు ముందే ఖాయమయ్యాయి. ఖాయం చేసిందెవరో రాయక్కర్లేదు.

నాకు ఈ సంఘమంటే మొదట్నుంచీ ఇష్టం. పంచాయతీ సరిహద్దు రెవెన్యూ గీత. జిల్లా సరిహద్దు 2022లో ఎవరో గీసిన గీత. ఈ సంఘం సరిహద్దు మాత్రం నీరు పారిన మేర. పై చేను వాడు తూము మూస్తే కింది చేను వాడు ఎండిపోతాడు కాబట్టి ఇద్దరూ ఒకే కమిటీలో కూర్చోవాలి. నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి వస్తుంది. అక్కడి నీటి లెక్క రెండు రాష్ట్రాల పని. ఆనకట్ట, ప్రధాన కాలువ జలవనరుల శాఖ పని. పిల్ల కాలువ పూడిక ఈ చెయ్యెత్తిన వాళ్ళ పని. అయితే కౌలు రైతుల్లో చాలామంది గట్టు మీద నిలబడి చూశారు. పొలం దున్నేది వాళ్ళు, పాసు పుస్తకం ఇంకొకడిది.

కొత్త అధ్యక్షుడు దండ తీసి భుజాన వేసుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"మాస్టారూ, తూము తలుపు తుప్పట్టీసింది. ఒక అర్జీ రాయండి."

"ఎవరి పేరున?"

"ఎమ్మెల్యే గారి పేరున."

"అధ్యక్షుడివి నువ్వే కదా. నీ కమిటీ చేత తీర్మానం చేయించి ఏఈ గారికి పంపు."

ఆలోచించాడు. దండలోంచి ఒక బంతిపువ్వు తుంచి నలిపాడు. "తీర్మానం అంటే కాయితం మీద ఏటి రాయాల?" అన్నాడు. తేదీ, హాజరు, విషయం, సంతకాలు అని చెప్పాను. వెనక్కి తిరిగి, వెళ్ళిపోతున్న కమిటీ మెంబర్లని కేకేశాడు: "ఒరే, ఆగండర్రా, సంతకాలెట్టాలట! లస్కరు ఫోన్ నంబరు కూడా ఎవులి కాడుందో సూడండి."